చి.ల.సౌ. గంగాభవాని అనే గొయ్యి

యాభై దాటాక నాకు ఆడపిల్ల కలిగింది. పుట్టేనాటికే నిలువెత్తు లోతుంది. పేరు గంగాభవాని. ఉండేది మా కాలనీ చెరువులో, మెట్లు దిగగానే ఎడమ చేతి పక్క, నీటి అడుగున. అవును, గొయ్యే. ఈ సంగతి చెబితే మా బంధువులు కొందరు నాకేదో అయిందనుకుని నిమ్మకాయలతో దిష్టి తీశారు. మునిసిపాలిటీ వాళ్ళు మాత్రం మా పిల్లను చూసి తెగ ముచ్చటపడ్డారు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎవరికి ఏమైందో మీరే తేల్చుకోండి.

నా పేరు యర్రంశెట్టి సూరిబాబు. షామియానాలు, కుర్చీలు, వంట సామాన్లు అద్దెకిస్తాను. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళు సగం నా గుడ్డ కిందే అవుతాయి. మా కాలనీని ఆనుకుని కొంగల చెరువుంది. ఆమధ్య దానికి సుందరీకరణ చేశారు. అంటే చుట్టూ ఉన్న చెట్లు కొట్టేసి, చెట్ల బొమ్మలు వేసిన సిమెంటు బల్లలు పెట్టారు. నీళ్ళలో ఫౌంటెన్ కోసమని మెట్ల పక్కనే పెద్ద గొయ్యి తవ్వారు. తీరా తవ్వాక, ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దమనిషికి ఆ వైపు ఎండ కళ్ళలో పడుతుందని తెలిసి, ఫౌంటెన్‌ను అవతలి గట్టుకు మార్చారు. గోతిని మార్చడం ఎవరి వల్లా కాదు గనక అక్కడే వదిలేశారు. వానలు పడ్డాయి, చెరువు నిండింది, గొయ్యి కనబడటం మానేసింది. దాంతో అది ఉందన్న సంగతే ఊరు మర్చిపోయింది.

ఆశ్వయుజంలో ఓ పొద్దున వాకింగ్‌కి వెళ్ళి, పేడలో కాలేసి, చెప్పు కడుక్కుందామని మెట్లు దిగాను. మోకాలి లోతు నీళ్ళు. హాయిగా ఉంది కదా అని ఎడమ పక్కకి ఒక్క అడుగు వేశాను. అంతే, ఆకాశం పోయింది. మెట్ల పక్కనున్న గొలుసు చేతికి దొరికింది గనక మీకీ కథ దొరికింది. ఆ నీళ్ళ రుచి గురించి మాత్రం అడక్కండి.

గట్టెక్కి దగ్గుతూ కూర్చున్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది నాగరత్నం, నా భార్య. ప్రతి కార్తీక పౌర్ణమికీ కాలనీ ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని ఆ మెట్లే దిగుతుంది. మోకాలి దాకా నీళ్ళలో నిలబడి అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంది. అప్పుడు ఆవిడ కళ్ళు దీపం మీద ఉంటాయి గానీ కాళ్ళ మీద ఉండవు. మనిషి నా భుజం దాకా వస్తుంది. ఈత రాదు. నన్నే మింగబోయిన గొయ్యి ఆవిడను లెక్కచేస్తుందా? తడిబట్టలతోనే మునిసిపల్ ఆఫీసుకి పరిగెత్తాను.

అక్కడ చెరువుల పని చూసే సహాయ ఇంజనీరు పరమహంస గారున్నారు. మెత్తని మనిషి. నేను చెప్పిందంతా విని, లేచి నిలబడి, నా తడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"శుభం సూరిబాబు గారూ! ఆడపిల్ల!"

"ఎవరికండీ?"

"మీకేనండి. లోతుగా ఉంటే ఆడపిల్ల, ఎత్తుగా ఉంటే మగపిల్లాడు. నిబంధన."

అప్పుడు చెప్పారు. కొత్త కమిషనర్ విద్యాధర్ గారు ఎక్కడో శిక్షణకు వెళ్ళొచ్చి 'మన సమస్య – మన బిడ్డ' అనే పథకం పెట్టారట. ఏ సమస్య ఎవరి కంట ముందు పడితే వాళ్ళే దాన్ని దత్తత తీసుకోవాలి.

"ఫిర్యాదు అనే మాటని మా ఆఫీసులో నిషేధించామండి," అన్నారు పరమహంస గారు. "ఫిర్యాదు చేసేవాడు సమస్యకి శత్రువు. దత్తత తీసుకున్నవాడు తండ్రి. తండ్రన్నవాడు ఎక్కడైనా బిడ్డ మీద ఫిర్యాదు చేస్తాడాండీ?"

"మా పక్కింటాయన పొద్దస్తమానం అదే పని చేస్తాడండి," అన్నాను. "నాకు దత్తతలూ అవీ వద్దు బాబూ. ఆ గోతిని పూడ్చేస్తే చాలు."

పరమహంస గారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఏం మాటలండీ అవి! ఆడపిల్లని పూడ్చిపెట్టమంటారా?"

ఆఫీసంతా తలతిప్పి నన్ను చూసింది. మూలన టైపు చేసుకుంటున్న ఆవిడ పని ఆపి, కళ్ళెర్రజేసి, "ఈ రోజుల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారు చూడండి," అంది. ఏం తప్పు చేశానో తెలియదు గానీ సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులో ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టి తండ్రినయ్యాను.

బారసాల చెరువు గట్టునే చేశారు. షామియానా నాదే. ఉయ్యాలలో చెరువు నీళ్ళ చెంబు పడుకోబెట్టి ఊపారు. కమిషనర్ గారు మైకు అందుకున్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా శిలాశాసనం చదువుతున్నట్టే ఉంటుంది.

"సమస్యను సమస్యగా చూచుట సంకుచిత దృక్పథము. సమస్యను సంతానముగా చూచుట విశాల దృక్పథము. తక్కిన పురపాలక సంఘములన్నియు సమస్యలను తగ్గించుకొనుటలో తలమునకలై యుండగా, మనము మాత్రమే వాటిని అక్కున జేర్చుకొనుచున్నాము!"

చప్పట్లు మోగాయి. పిల్ల చెవిలో పేరు మూడుసార్లు చెప్పాలన్నారు పురోహితుడు గారు. గోతికి చెవి ఎక్కడుంటుందని కాసేపు చర్చ జరిగింది. చివరికి నన్నే గొలుసు పట్టుకుని వంగి నీళ్ళలోకి చెప్పమన్నారు. గంగాభవాని, గంగాభవాని, గంగాభవాని. రెండు చేపలు బెదిరిపోయాయి.

పోనీలే, బోర్డైనా పెడతారు, జనం జాగ్రత్తపడతారు అని నేను లోపల్లోపల సంతోషించాను. బోర్డు తెచ్చారు కూడా. 'ఈ గోతిని శ్రీ యర్రంశెట్టి సూరిబాబు ప్రేమతో పెంచుకుంటున్నారు' అని ఎర్రటి అక్షరాలు. నిబంధన ప్రకారం బోర్డు సమస్య ఉన్న చోటే పాతాలి. మెట్ల మీద పాతండి బాబూ అంటే, మెట్లు సమస్య కాదు కదండీ అన్నారు. గోతిలోకి దింపారు. బోర్డు బుడబుడమని మునిగి అడుక్కి చేరింది. ఆ రోజు నుంచీ చేపలకు ఏ ప్రమాదమూ లేదు.

ఇంటికెళ్ళి చెబితే నాగరత్నం నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఇద్దరూ మగపిల్లలే, ఓ ఆడపిల్ల ఉంటే బావుణ్ణని నేనేడ్చిన రోజుల్లో తేలేదు గానీ, ఇప్పుడు తెచ్చారాండీ? అదీ గోతిని!"

తండ్రిగా నా బాధ్యతలు అప్పటినుంచి మొదలయ్యాయి. పరమహంస గారు పిల్ల ఆరోగ్యం చూడటానికి వచ్చి, రాయి కట్టిన తాడు వేసి కొలిచారు. అంచులు విరిగిపడి గొయ్యి వెడల్పయింది. అడుగున మట్టి కుంగి లోతు కూడా పెరిగింది. "ఎదుగుదల బ్రహ్మాండంగా ఉందండి, ఏం పెడుతున్నారు?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా గోడౌన్లో ఉన్న వెదురు కర్రలు తెచ్చి గోతి చుట్టూ పాతి, ఎర్రగుడ్డ కట్టాను. మర్నాటికి పీకేశారు. ఎదిగే పిల్లని కర్రలతో కట్టేస్తారా, ఇంకోసారి ఇలా చేస్తే పెంపకం సరిగా లేదని నోటీసివ్వాల్సొస్తుందని హెచ్చరించారు.

ఆ వారమే పాలవాళ్ళ దూడ నీళ్ళు తాగడానికి దిగి ఆ గోతిలో పడింది. నలుగురం కలిసి తాళ్ళేసి లాగాం. ఆఖరి నిమిషంలో బతికింది. పరమహంస గారికి ఫోన్ చేస్తే, "పసిపిల్ల దగ్గరికి పశువుల్ని రానిస్తారాండీ, తొక్కెయ్యవూ?" అని నన్నే కోప్పడ్డారు.

ఊరంతా ఇదే గోల. వేలాడే కరెంటు తీగకి విద్యుల్లత అని పేరు పెట్టారు. మూతలేని డ్రైనేజీని ఓ లెక్చరర్ దంపతులు పెంచుకుంటున్నారు. దత్తతల్లో మా ఊరు రాష్ట్రంలోకల్లా మొదటిదట. ఒక్క సమస్య పరిష్కారమైనా ఒక దత్తత తగ్గిపోతుంది గనక ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదని ఆదేశం. పరిష్కారం అనే మాట వింటేనే ఆఫీసులో కంటతడి పెట్టుకుంటున్నారు.

కార్తీకం వచ్చేసింది. పౌర్ణమి ఇంకెంతో దూరం లేదు. ఆ రోజు భోజనాల దగ్గర నాగరత్నంతో మెల్లిగా అన్నాను, "ఈ ఏడు గట్టుమీంచే వదలకూడదూ దీపాలు?"

"గట్టుమీంచి విసరమంటారా? అది దీపమనుకున్నారా, చెప్పనుకున్నారా?"

"అది కాదే, పొరపాటున అడుగు అటు పడితే నీకు..." కంచంలో చెయ్యి ఆడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేనలా ఆగిపోవడం ఆవిడెప్పుడూ చూడలేదు. నా కంచంలో మజ్జిగ పోస్తూ అంది. "నేను మానేసినా తక్కినవాళ్ళు దిగుతారండి. అందరికీ చెప్పాం, ఎవరు నమ్మారు? బారసాల చేసిన గొయ్యి మనిషిని ముంచుతుందా అంటున్నారు. ఆ పిల్ల సంగతేదో మీరే చూడండి. మీ కూతురే కదా."

మర్నాడు ఓ పెళ్ళింట్లో కుర్చీలు లెక్కేసుకుని లారీకి ఎక్కిస్తున్నాను. పెళ్ళికూతురి తండ్రి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "అమ్మాయిని ఓ అయ్య చేతిలో పెట్టేశానండి సూరిబాబు గారూ. ఇంక దాని మంచీ చెడ్డా వాళ్ళే చూసుకుంటారు. గుండెల మీద బరువు దిగిపోయిందనుకోండి."

నేను కుర్చీలు అక్కడే వదిలేసి ఆయన్ని కౌగిలించుకున్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

మా వీధి చివర హోమియో డాక్టరు అయితాబత్తుల జోగారావు గారుంటారు. కాలవ తవ్విన మట్టంతా ఆయన గేటు ముందు గుట్టగా పోసి వెళ్ళిపోయారు. పేషెంట్లు ఆ గుట్టెక్కి దిగేసరికి సగం జబ్బులు కొత్తవి వస్తున్నాయి. ఆయనా పాపం ఆఫీసుకెళ్ళి చెప్పుకోబోయి తండ్రయి తిరిగొచ్చారు. గుట్ట పేరు గిరిధర్. నేను పళ్ళెంలో తమలపాకులు, అరటిపళ్ళు పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"ఏంటి సూరిబాబూ, పళ్ళతో వచ్చావు?"

"సంబంధం కలుపుకుందామని వచ్చానండి. మా అమ్మాయికి మీ అబ్బాయి సరిజోడు. మీవాడు ఎంత ఎత్తో మా పిల్ల అంత లోతు."

జోగారావు గారు కిటికీలోంచి గుట్టను చూశారు. నన్ను చూశారు. మళ్ళీ గుట్టను చూశారు. ఆయన మొహం మెల్లిగా వెలిగింది. అయినా మగపెళ్ళివారు గనక బెట్టు చేశారు. "మావాడికేం తక్కువ? ఊళ్ళో వాడంత ఎదిగినవాడు ఇంకొకడు లేడు."

"ఒకటే షరతండి. ఇల్లరికం రావాలి. మా పిల్ల నీళ్ళు దాటి రాలేదు."

"ఒక్కగానొక్క కుప్ప! ఇల్లరికమా?" అని ఒక్క క్షణం బాధ నటించి, నా చేతులు పట్టేసుకున్నారు. "ఈరోజే తీసుకుపో బాబూ, నీకు పుణ్యముంటుంది."

ఇద్దరం కలిసి కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాం. పరమహంస గారికి అనుమానం వచ్చింది. "పెళ్ళయితే పిల్ల దత్తత లెక్కలోంచి పోతుందాండీ?"

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. "ఎట్లు పోవును? వివాహమైనంత మాత్రమున బిడ్డ బిడ్డ కాకపోవునా? పైపెచ్చు బంధుత్వము వృద్ధి చెందును. సమస్యల నడుమ సమన్వయము! ఇది ఇంతవరకు ఏ పురపాలక సంఘమునకు తట్టని ఆలోచన. ముహూర్తము పెట్టించుడు!"

పెట్టించాం. పౌర్ణమికి ముందు రోజు పొద్దున.

నేను చూసిన పెళ్ళిళ్ళకు లెక్కలేదు గానీ అలాంటి పెళ్ళి చూడలేదు. జేసీబీకి మామిడాకులు కట్టి, తొట్టికి బాసికం కట్టారు. పెళ్ళికొడుకు ఒక్కసారిగా రాలేడు గనక విడతలు విడతలుగా వచ్చాడు. ముందు బ్యాండుమేళం, వెనక ట్రాక్టర్లో గిరిధర్. జీలకర్ర బెల్లం పెట్టడానికి తల ఎక్కడో తెలియక పురోహితుడు గారు మధ్యస్తంగా నీళ్ళలోకి విసిరారు. తలంబ్రాల వేళకి కమిషనర్ గారే పంచె ఎగ్గట్టి మొదటి గంప మట్టి గోతిలో పోశారు. తర్వాత జేసీబీ అందుకుంది. ఒక్కో తొట్టి దిమ్మరించినప్పుడల్లా ఆడవాళ్ళు అక్షింతలు వేశారు, సన్నాయి తారస్థాయికి వెళ్ళింది. బోర్డు మట్టికిందకి పోయింది. అవతల మా వీధి చివర ఎన్నాళ్ళకో తన గేటు తనకు కనబడిందని జోగారావు గారు వెక్కివెక్కి ఏడ్చారు. పెళ్ళికొడుకు తండ్రి ఏడవడం అందరూ అప్పుడే చూశారు.

అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రి ఏడవాలి. నేను వెదురు కర్ర తీసుకుని మెట్లు దిగి ఎడమ పక్క గుచ్చాను. మోకాలి లోతులో ఠక్కున ఆగింది. ఇంకోచోట గుచ్చాను. అక్కడా ఆగింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కమిషనర్ గారు నా భుజం తట్టి, "ఆడపిల్ల అన్న తరువాత తప్పదు," అన్నారు.

మర్నాడు సాయంత్రం నాగరత్నం ఆ మెట్లే దిగింది. ఎడమ పక్కకి జరిగి, అల్లుడి మీద నిలబడి, దొప్పలో దీపం వదిలింది. వెనకాల కాలనీ ఆడవాళ్ళందరూ. నేను గట్టుమీద కూర్చుని దీపాలు చూడలేదు, ఆవిడ కాళ్ళే చూశాను. నీళ్ళు మోకాలు దాటలేదు.

ఇక్కడితో అయిపోతే బావుండును. ఆషాఢం వచ్చింది. ఆషాఢంతో పాటు జేసీబీ వచ్చింది.

పరమహంస గారు చేతిలో స్వీటు పెట్టెతో దిగారు. "కొత్త దంపతులు ఆషాఢంలో ఒకచోట ఉండకూడదు కదండీ. ఇల్లరికం గనక అల్లుడుగారినే నెల్లాళ్ళు వాళ్ళింటికి పంపాలి. సంప్రదాయం దగ్గర కమిషనర్ గారు చాలా ఖచ్చితం."

"అంటే... తవ్వేస్తారా?"

"తవ్వడమేంటండి, పుట్టింటికి పంపడం! శ్రావణంలో మళ్ళీ తెచ్చి దింపేస్తాం. ట్రాక్టరుకి అనుమతి రావడం కొంచెం అటూ ఇటూ అవచ్చు."

జోగారావు గారు అప్పటికే గేటుకి తాళం వేసి, దానిమీద ఇంకో తాళం వేసి, లోపల్నుంచి అరుస్తున్నారు. "మా అబ్బాయి మాకొద్దు! మీ దగ్గరే ఉంచుకోండి!" జేసీబీ చెయ్యి పైకి లేచింది.

అప్పుడు నాగరత్నం వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మెట్లు దిగి, నీళ్ళలో సరిగ్గా ఆ చోట నిలబడింది.

"ఆగండి అన్నయ్యగారూ! పిల్ల నీళ్ళోసుకుంది."

పరమహంస గారు స్వీటు పెట్టె జారవిడిచారు. "నిజమా అమ్మా! ఎన్నో నెల?"

"ఇంకా తెలీదు. ఈ స్థితిలో కదిలిస్తారాండీ మీరు? మీకూ ఆడపిల్లలున్నారుగా?"

"అయ్యయ్యో, మహాపాపం!" అంటూ ఆయన జేసీబీ ముందుకి పరిగెత్తి రెండు చేతులూ అడ్డంపెట్టారు. యంత్రం సిగ్గుపడ్డట్టు వెనక్కి వెళ్ళిపోయింది. నేను నాగరత్నాన్ని చూసి చేతులెత్తి దణ్ణం పెట్టబోతే, "ముందు నన్ను గట్టెక్కించండి, కాళ్ళు వణుకుతున్నాయి," అంది.

మధ్యాహ్నానికల్లా పరమహంస గారు మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో సున్నం డబ్బా. "కమిషనర్ గారు ఎంత సంతోషించారనుకున్నారు! రాష్ట్రంలోనే మొదటి మనవరాలట. పుట్టబోయే బిడ్డకి ఇప్పట్నించే స్థలం చూసి సున్నం గీయమన్నారు. పిల్లల పార్కులో ఉయ్యాలల పక్కన అయితే సందడిగా ఉంటుందని నా అభిప్రాయమండి. రేపే తవ్వేస్తాం."

ఉయ్యాలల పక్కన! నాగరత్నం గోంగూర వలుస్తోంది. తలెత్తకుండానే అంది.

"పురుడైతే పోస్తాం గానీ, బిడ్డని పెంచే ఓపిక మాకు లేదండి. పుట్టిన బిడ్డని కమిషనర్ గారికే దత్తతిచ్చేస్తాం. ఊరందరికీ పిల్లల్ని పంచారు మహానుభావుడు, పాపం ఆయనకి మాత్రం ఒక్కరూ లేరు. పెంచుకునేవాళ్ళ గుమ్మంలో పుడితేనే బిడ్డకి చలవ. వాళ్ళ బంగళా గేటు ముందు గీయండి సున్నం."

పరమహంస గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత పెద్ద మనసమ్మా నీది!" అన్నారు. ఆయన మనసులో కల్మషం లేదని ముందే చెప్పాల్సింది నేను. ఆ డబ్బా పట్టుకుని నేరుగా బంగళాకి వెళ్ళి, గేటు ముందు గుండ్రంగా గీసి, మర్నాడు తెల్లారకుండా పని మొదలుపెట్టించారు. కమిషనర్ గారు ఆఫీసుకి బయల్దేరేసరికి బిడ్డ కళ్ళు తెరిచింది. కారు ముందు చక్రాలు రెండూ దాని ఒళ్ళో కూర్చున్నాయి.

ఆ పూట మునిసిపల్ ఆఫీసులో చాలాకాలం తర్వాత ఫిర్యాదు అనే మాట వినబడిందట. అదీ శిలాశాసనంలో కాదు, మామూలు తెలుగులో, బాగా గట్టిగా. మధ్యాహ్నం లోపలే ఆ గొయ్యి పూడింది. మా ఊళ్ళో చెప్పిన రోజే పూడిన గొయ్యి అదొక్కటే. సాయంత్రానికి ఆదేశం వచ్చింది. సమస్యలకు సంతానయోగము లేదని నిపుణులు నిర్ధారించినందున దత్తతలు నిలిపివేయబడినవి, పూడినవి పూడినట్లే ఉండవలెను, పూడనివి పూడ్చవలెను అని.

పరమహంస గారు కొన్నాళ్ళు దిగులుగా తిరిగారు. మొన్న కనబడి, మా అమ్మాయి ఎలా ఉందని అడిగారు. కాపురం చల్లగా ఉందండి అన్నాను.

నాగరత్నం ఇప్పటికీ ప్రతి కార్తీక పౌర్ణమికీ చెరువుకి వెళ్తుంది. వెళ్ళేటప్పుడు పెరట్లోంచి గుప్పెడు మట్టి కొంగున కట్టుకుంటుంది. అల్లుడు నీళ్ళకి కరిగి చిక్కిపోతాడేమోనని భయమట. మోకాలి లోతులో నిలబడి, ఆ గుప్పెడూ కాళ్ళ కింద వేసి, అప్పుడు దీపం వెలిగిస్తుంది.